గట్టు మీద నివ్వరి

పోయిన కార్తీకంలో తెనాలి వెళ్ళినప్పుడు అమ్మమ్మ పోరు పడలేక సాయంత్రం గుడికి వెళ్ళాను. హారతి అయ్యాక పూజారిగారు మంత్రపుష్పం అందుకున్నారు. చిన్నప్పటినుంచీ కొన్ని వందలసార్లు విన్నదే. ఆ రోజు మాత్రం ఒక మాట దగ్గర చెవి ఆగింది. గుండెలో వెలిగే జ్వాల నీవార ధాన్యపు ముల్లంత సన్నగా ఉంటుందని చెప్పే చోటు అది. ప్రసాదం తీసుకుంటూ అడిగాను, "నీవారం అంటే ఏమిటండీ?" అని. "ఒక రకం ధాన్యం బాబూ. దున్నకుండా, నాటకుండా పండేది. మునులు తినేవాళ్ళు," అన్నారాయన. మీరెప్పుడైనా చూశారా అంటే నవ్వేసి, "పుస్తకంలోనే," అన్నారు.

రాత్రి తాతయ్యకి ఫోన్ చేశాను. తాతయ్య ఉండేది రేపల్లె దగ్గర మా ఊళ్ళో. ఎనభై దాటినా ఇప్పటికీ చేను చూసి రాందే అన్నం తినడు. "నీవారమా? మా నాయన నివ్వరి అనేవోడురా. అడివి వరి. మన కాలవ గట్టున ఇప్పుడు కూడా ఉంటది. కంకి తాకితే చాలు, గింజ రాలిపోద్ది. మీసాలు ఇంతింత పొడుగు. ఎందుకూ పనికిరాదు, ఉత్త కలుపు," అన్నాడు.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. పదో తరగతి కాగానే జీవశాస్త్రానికి దణ్ణం పెట్టి ఎంపీసీలో చేరినవాణ్ణి. ఖాళీ దొరికినప్పుడు చదివిన పుస్తకాల మీద నాలుగు ముక్కలు రాసుకోవడం తప్ప ఇంకో వ్యాపకం లేదు. అయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పూజారిగారి నీవారం, తాతయ్య కలుపు ఒకటేనా? మునులు ఏరుకుని తిన్న మొక్కే కృష్ణా కాలవ గట్టు మీదికి వచ్చి నిలబడిందా? లేక మన చేలో వరే ఎప్పుడో తప్పించుకుపోయి, గట్టెక్కి, అడవి వేషం కట్టిందా? దీన్ని ఎలా తేలుస్తారు? ఈ వ్యాసం ఆ ప్రశ్న వెంట నేను పోయిన దారి.

మాట వరకూ చిక్కు లేదు. నీవారమే నివ్వరి అని నిఘంటువులు చెబుతాయి. శాకుంతలం మొదటి అంకంలో, చెట్టు తొర్రల్లోంచి చిలకలు జారవిడిచిన నీవారపు గింజల్ని చూసే, ఆశ్రమం దగ్గరకి వచ్చేశామని దుష్యంతుడు పోల్చుకుంటాడు. వృక్షశాస్త్రంలోకి ఈ పేరు చాలా ఆలస్యంగా వచ్చింది. 1965లో ఎస్.డి. శర్మ, ఎస్.వి.ఎస్. శాస్త్రి అనే ఇద్దరు భారతీయ శాస్త్రవేత్తలు, ఒక్క ఏడాదిలో బతుకు ముగించుకునే అడవి వరిని ప్రత్యేక జాతిగా వర్ణించి దానికి 'ఒరైజా నివారా' అని పేరు పెట్టారు. హైదరాబాదు కేంద్రంగా మొదలైన అఖిల భారత సమన్విత వరి పథకానికి తొలి రోజుల్లో సారథ్యం వహించింది ఈ శాస్త్రిగారే. వేసవిలో ఎండిపోయే గుంటల్లో, చెరువు అంచుల్లో ఉండేది నివారా. ఏడాది పొడుగునా నీళ్ళుండే చోట, దుబ్బు నుంచి మళ్ళీ మళ్ళీ చిగిర్చేది దాని అక్క 'ఒరైజా రూఫిపోగాన్'. రెండూ ఒకే జాతికి రెండు రూపాలని వాదించేవాళ్ళూ ఉన్నారు.

ఎందుకూ పనికిరాదన్న మాటకి ఆ తరవాత పదేళ్ళలోనే జవాబు వచ్చింది. ఆసియా వరిచేలని గ్రాసీ స్టంట్ అనే వైరస్ తెగులు పట్టి పీడిస్తున్న రోజుల్లో, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన దగ్గరున్న ఆరువేలకు పైగా రకాల్ని పరీక్షించింది. గట్టిగా నిలబడింది ఒకే ఒక్కటి, ఉత్తరప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒరైజా నివారా. దాని రక్తమే 1970లలో గుర్దేవ్ ఖుష్ బృందం తయారుచేసిన ఐఆర్ 36 వంటి రకాల్లోకి ఎక్కింది. అంటే నీవారం ఋషులకి ఆగిపోలేదు. కొన్ని కోట్ల కంచాల్లోకి పేరు చెప్పకుండా వచ్చింది.

భట్టిప్రోలు

మర్నాడు పొద్దున్నే రేపల్లె బండెక్కాను. వేమూరు దాటాక భట్టిప్రోలు వస్తుంది. 1892లో అలెగ్జాండర్ రే ఇక్కడి బౌద్ధ స్తూపంలో ధాతు కరండాలు బయటికి తీశాడు. వాటిమీది రాతల్ని చదివిన బ్యూలర్, అందులో కొన్ని అక్షరాలు అశోకుడి బ్రాహ్మి అక్షరాలకంటే వేరుగా ఉన్నాయని చూపించాడు. అక్షరం ఒంపు ఎటు తిరిగింది, గీత ఎక్కడ చేరింది అన్న చిన్న చిన్న తేడాలే లిపికి వంశవృక్షం గీసేవాళ్ళకి ఆధారాలు. వాటితో అర్థం మారదు. మారకపోవడమే వాటి విలువ.

తాళపత్రాల సంగతీ అంతే. 1829లో వేమన పద్యాలు అచ్చువేయడానికి ముందు సి.పి. బ్రౌన్ ఎన్నో ప్రతులు పోగుచేయించి ఒకదానితో ఒకటి పోల్పించాడు. ఒక లేఖకుడు పొరపాటున 'ప'కి 'వ' రాశాడనుకోండి. దాన్ని చూసి రాసిన ప్రతులన్నిట్లోకీ ఆ పొరపాటు దిగుతుంది. రెండు ప్రతుల్లో ఒకే తప్పు, అదీ ఎవరూ కావాలని చేయని తప్పు, కనిపిస్తే అవి ఒకే తల్లి బిడ్డలని అనుకోవచ్చు. అర్థాన్ని చెడగొట్టే తప్పునైతే తరవాతి లేఖకుడెవరో దిద్దేస్తాడు. హాని లేని తప్పు దిద్దుబాటు తప్పించుకుని వందల ఏళ్ళు బతుకుతుంది. చరిత్ర చెప్పేది అదే.

జన్యు మార్కర్ అంటే ఏమిటో నాకు అర్థమైంది ఈ పోలికతోనే. తరం నుంచి తరానికి డీఎన్ఏ నకలవుతుంది. నకలులో పొరపాట్లు పడతాయి. మొక్కకి చేటు చేసేవి ఎక్కువకాలం నిలవవు, ఆ మొక్కతోనే పోతాయి. మంచీ చెడూ ఏదీ చేయనివి మిగిలిపోతాయి. అలాంటి తేడా ఒకటి జన్యురాశిలో ఫలానా చోట ఉందని గుర్తుపట్టి, ఏ మొక్కలో అది ఏ రూపంలో ఉందో చూడగలిగితే, అదే మార్కర్. కంకి పొడుగు, గింజ రంగు, మీసం లాంటివి కూడా గుర్తులే. కాకపోతే అవి నేలనిబట్టి, నీటినిబట్టి, ఎరువునిబట్టి మారిపోతాయి. నకలు తప్పు అలా మారదు.

చూసే పద్ధతులు ఒక్కరోజులో రాలేదు. 1966లో షికాగోలో లెవాంటిన్, హబ్బీ పండు ఈగల ప్రోటీన్లని జెల్ మీద కరెంటుతో పరిగెత్తించి, ఒకే పని చేసే ప్రోటీను ఒక్కో ఈగలో ఒక్కో వేగంతో కదులుతోందని చూపించారు. అడవిలో మందలోని జీవుల మధ్య ఇంత తేడా దాగి ఉందని అంతకుముందు చాలామంది ఊహించలేదు. అదే పద్ధతితో 1987లో గ్లాజ్‌మన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆసియాలోని 1,688 సాంప్రదాయ వరి రకాల్ని 15 చోట్ల పరీక్షించి ఆరు కుటుంబాలుగా విడదీశాడు. ఈలోగా 1980లో బాట్‌స్టీన్, అతని సహచరులు డీఎన్ఏలోని తేడాలనే నేరుగా మార్కర్లుగా వాడి పటం గీయొచ్చని ప్రతిపాదించారు. 1988లో అమెరికాలో సూసన్ మెక్‌కౌచ్, టాంక్స్‌లీ బృందం 135 మార్కర్లతో వరికి మొదటి అణుస్థాయి పటం గీసింది.

వీటన్నిట్లో నాకు బాగా నచ్చింది మైక్రోశాటిలైట్. డీఎన్ఏలో కొన్నిచోట్ల రెండు మూడు అక్షరాల ముక్క వరసగా మళ్ళీ మళ్ళీ వస్తుంది. జీఏ జీఏ జీఏ అని పన్నెండుసార్లు ఉందనుకోండి. నకలు చేసే యంత్రాంగం అక్కడ తడబడి ఒకటి ఎక్కువో తక్కువో రాస్తుంది. కళ్ళు మూతలు పడుతున్న లేఖకుడు రాసిన అక్షరాన్నే మళ్ళీ రాసినట్టు. ఒక మొక్కలో పన్నెండు, పక్క మొక్కలో పదిహేను. ఆ సంఖ్యే గుర్తు. ఇలాంటి పునరుక్తుల చరిత్రలో హైదరాబాదుకీ ఒక పేజీ ఉంది. కట్లపాము జాతికి చెందిన పాములో దొరికిన 'జీఏటీఏ' పునరుక్తుల మీద పనిచేసిన లాల్జీ సింగ్, సీసీఎంబీకి వచ్చాక వాటితోనే భారతదేశంలో డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని నిలబెట్టారు. 1990లలో పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల వాళ్ళు అలాంటి పునరుక్తులతోనే వరి రకాల్ని వేరుచేసి చూపించారు.

అడవి మొక్కకి ఇలాంటి మార్కర్లు తయారుచేయడం ఎంత ఓపిక పనో చదివితేగానీ తెలియలేదు. ముందు ఒక్కో చోటి నుంచి కొన్ని పదుల మొక్కల ఆకులు తెంపి, సిలికా జెల్‌లో ఎండబెట్టి, డీఎన్ఏ తీయాలి. పునరుక్తులు ఎక్కడున్నాయో వెతకాలి. దానికి అటూ ఇటూ ఉన్న వరస చదివి, ఆ వరసకి అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్కలు, ప్రైమర్లు, తయారుచేయించాలి. పీసీఆర్‌లో పెట్టి ఆ భాగాన్ని లక్షల రెట్లు పెంచాలి. కొన్ని ప్రైమర్లు అసలు పనిచేయవు. కొన్ని పనిచేసినా అన్ని మొక్కల్లోనూ ఒకటే సంఖ్య చూపిస్తాయి. తేడా లేకపోతే మార్కర్‌గా అది దండగ. వడపోతలు అయ్యాక చేతిలో మిగిలేవి కొన్నే. పైగా ఒక జాతికి చేసినవి దూరపు జాతికి పనికిరావు. వరి ప్రపంచానికి అన్నం కాబట్టి దానికి డబ్బూ మనుషులూ దొరికారు. 2002లో ఒక్క విడతలోనే 2,240 కొత్త మైక్రోశాటిలైట్ మార్కర్లు వచ్చాయి. దగ్గరి చుట్టం కాబట్టి అవి చాలావరకు నివ్వరి మీదా పనిచేస్తాయి. దిక్కులేని మొక్కల పరిస్థితి వేరు. ఆ సంగతి రేపల్లె చేరాక చెబుతాను. దానికి ముందు ఈ మార్కర్లు మా ఇంటి కంచందాకా ఎలా వచ్చాయో చెప్పాలి. అది బాపట్ల కథ.

బాపట్ల

ఆంధ్రదేశంలో వ్యవసాయ కళాశాల మొదట వచ్చింది బాపట్లలోనే, 1945లో. అక్కడి వరి పరిశోధన కేంద్రం 1986లో విడుదల చేసిన రకం బీపీటీ 5204. కాగితాల్లో పేరు సాంబ మసూరి. మా ఊళ్ళో బీపీటీ అంటే చాలు.

ఆ పేరు వెనక కథ చూడండి. ఒక తాత జీఈబీ 24, కోయంబత్తూరులో కోనామణి అనే పాత రకంలోంచి ఏరి తీసిన మొక్క. గింజ సన్నం దాని సొత్తు. దానితో కలిపింది తైవాన్ నుంచి వచ్చిన పొట్టి రకం తైచుంగ్ నేటివ్ 1ని. ఆ సంతానాన్ని మళ్ళీ మసూరితో కలిపారు. మసూరి అంటే మైసూరు అనుకునేవాణ్ణి. కాదు. మలేషియాలో లంకావి దీవి జానపద కథలో నింద పడి ప్రాణం పోగొట్టుకున్న ఒక స్త్రీ పేరు మహ్సూరి. ఆమె పేరు పెట్టుకున్న మలేషియా వరి అది. తెల్లారి లేస్తే మా ఇంట్లో ఉడికేది ఇన్ని దేశాల సంకరం. తాతయ్య మాత్రం "మన బాపట్ల బియ్యం" అనే అంటాడు. అందులోనూ తప్పు లేదు. కలిపి కూర్చింది బాపట్లే కదా.

ఈ బియ్యానికి ఒకటే పెద్ద జబ్బు, బాక్టీరియా ఆకు ఎండు తెగులు. నేను ఇంటర్‌లో ఉండగా ఒక ఏడు గాలివాన తరవాత మా చేలో వచ్చింది. గాలికి ఆకులు ఒకదానికొకటి రాసుకుని గాట్లు పడతాయి, ఆ గాట్లలోంచి బాక్టీరియా లోపలికి పోతుంది. ఆకు కొసనుంచి అంచుల వెంట పసుపు చార దిగుతుంది. పొద్దున్నే చూస్తే ఆకు మీద జిగట బొట్లు. తాతయ్య టౌనుకి వెళ్ళి మందు తెచ్చాడు, కొట్టించాడు. చేను ఎండు గడ్డి రంగుకి తిరిగింది. ఆ సంవత్సరం నా హాస్టలు ఫీజుకి అమ్మ గాజులు వెళ్ళాయి. ఈ తెగులు ఒకసారి చేలో పాకాక గట్టిగా అడ్డుకునే మందు ఏదీ లేదని, ఉన్న దారి తట్టుకునే విత్తనం ఒక్కటేనని నేను చదివి తెలుసుకునేసరికి చాలా ఏళ్ళు గడిచాయి. తాతయ్యకి అది ఆ రోజే తెలుసు. "తెలిసీ ఎందుకు కొట్టించావు తాతయ్యా?" అంటే, "చేతులు కట్టుకుని ఎట్టా కూర్చుంటారా?" అన్నాడు.

ఆ తట్టుకునే గుణం దొరికింది ఆఫ్రికాలోని మాలి నుంచి వచ్చిన అడవి వరిలో. పేరు ఒరైజా లాంగిస్టామినేటా. నేల కింద దుంపకాండంతో పాకుతుంది, పీకితే మళ్ళీ వస్తుంది, అక్కడి రైతులకి ప్రాణం విసిగించే కలుపు. బేలా అనే నిరుపేద సంచార కూలీలకి మాత్రం అది ఏరుకుని తినే గింజ. మన మునుల నీవారం లాగే. 1970లలో కటక్ కేంద్ర వరి పరిశోధన సంస్థలో దేవదత్ దీన్ని పరీక్షించి, తన దగ్గరున్న ఎండు తెగులు బాక్టీరియా రకాలన్నిటినీ ఇది తట్టుకుంటోందని కనిపెట్టారు. అక్కడినుంచి అది ఫిలిప్పీన్స్ చేరింది. ఖుష్ బృందం దాన్ని సాగు వరితో కలిపి, మళ్ళీ మళ్ళీ సాగు వరితోనే వెనక్కి సంకరం చేస్తూ పన్నెండేళ్ళు శ్రమపడి 1990 నాటికి ఆ ఒక్క గుణాన్ని సాగు వరిలోకి దింపింది. ఆ జన్యువు పేరు ఎక్స్‌ఏ21. 1995లో కాలిఫోర్నియాలో పామెలా రోనాల్డ్ బృందం దాని అక్షరాలన్నీ చదివి బయటపెట్టింది. విశ్వవిద్యాలయం దానికి పేటెంటు తీసుకుంది. మొక్క ఇచ్చిన దేశానికి ఏం దక్కింది అన్న ప్రశ్న వస్తే, మాలి లాంటి దేశాల విద్యార్థులకి సాయంగా ఒక నిధి పెట్టాలని నిర్ణయించారు. గింజ ఏరుకు తిన్న బేలావాళ్ళ పేరు ఏ విత్తనం సంచీ మీదా లేదు.

ఈ గుణాన్ని బీపీటీలోకి తెచ్చింది హైదరాబాదు. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంచాలకాలయం, సీసీఎంబీ కలిసి పనిచేశాయి. ఆర్.ఎం. సుందరం, రమేశ్ సొంటి ఆ పనిలో ముఖ్యులు. ఒక్క జన్యువు మీదే ఆధారపడితే బాక్టీరియా ఎప్పటికైనా మారి దాటేస్తుంది. అందుకని ఎక్స్‌ఏ21తో పాటు ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మరో రెండు జన్యువుల్ని కూడా పెట్టాలనుకున్నారు. మూడూ కలిపి ఉన్న మొక్క పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పని వల్ల దొరికింది.

మార్కర్లు లేకుండా ఇది ఎందుకు కుదరదో ఇంజినీరు బుర్రకి వెంటనే ఎక్కింది. ఎక్స్‌ఏ21 ఉన్న మొక్కకి తెగులు ఎక్కించి చూస్తే తట్టుకుంటుంది. బాగుంది. కానీ మిగతా రెండూ లోపల ఉన్నాయా లేవా? కంటికి తెలియదు, మొదటిదాని చాటున అవి దాక్కుంటాయి. పైగా ఆ రెండూ, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేగానీ పనిచేయని రకం. సంకరం చేసే ప్రతి తరంలోనూ అవి మౌనంగానే ప్రయాణిస్తాయి. ఆకు ముక్క తెంపి, ఆ మూడు జన్యువులకి ఆనుకుని ఉన్న మార్కర్లని చూస్తే, మొక్క పిలకలు వేయకముందే సంగతి తెలిసిపోతుంది. ఇంకో లెక్క కూడా ఉంది. మొదటి సంకరంలో బీపీటీ వాటా సగం. వెనక్కి సంకరం చేసిన ప్రతిసారీ పరాయి వాటా సగానికి తగ్గుతుంది. నాలుగుసార్లకి సగటున ముప్పై రెండో వంతు మిగులుతుంది. అయితే అది సగటు. ఏ మొక్కలో ఎక్కువ పోయింది, ఏ మొక్కలో ఎక్కువ మిగిలింది అన్నది మైక్రోశాటిలైట్లు చెబుతాయి. గింజ సన్నం, వంట రుచి చెడకూడదంటే ఆ ఎంపిక చేయాల్సిందే. అలా మూడు జన్యువులతో 2008లో విడుదలైంది మెరుగుపరచిన సాంబ మసూరి. పరాయి జన్యువుని ప్రయోగశాలలో చొప్పించిన పంట కాదది. పువ్వుతో పువ్వుని కలిపిన పాత పద్ధతే. ఏ మొక్కని ఉంచాలి, ఏది పారేయాలి అన్న చోట మాత్రం కొత్త కళ్ళు.

రేపల్లె

రేపల్లెలో దిగాక ఊరికి వెళ్ళే ముందు నిజాంపట్నం వైపు వెళ్ళాను. 2022లో బాపట్ల జిల్లా అయ్యాక ఈ తీరం ఆ జిల్లాలోకి వచ్చింది. మడ అడవి మొదలైన చోట నేల మెత్తబడుతుంది, బురదలోంచి ఊపిరి వేళ్ళు మేకుల్లా పైకి లేచి ఉంటాయి. తెల్లమడ, నల్లమడ, పాలు కంట్లో పడితే కళ్ళు మండిపోయే తిల్ల. వీటికి వరికి దొరికినట్టు డబ్బూ మనుషులూ దొరకలేదు.

1988లో చెన్నైలో మొదలైన ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థలో అజయ్ పరీడా బృందం ఈ చెట్ల పని పట్టింది. అప్పటికి వీటి జన్యురాశి గురించి తెలిసింది దాదాపు ఏమీ లేదు. ప్రైమరు చేయాలంటే వరస తెలియాలి, వరస తెలియాలంటే ఎవరో ముందే చదివుండాలి. ఆ చిక్కుని 1990లో వచ్చిన ర్యాప్డ్ అనే పద్ధతి దాటించింది. ఏ జీవికీ ప్రత్యేకం కాని ఒక పొట్టి ప్రైమరు వేస్తే అది దొరికిన చోటల్లా అతుక్కుంటుంది, జెల్ మీద కొన్ని గీతలు పడతాయి, మొక్కకీ మొక్కకీ గీతల్లో తేడా కనిపిస్తుంది. భాష రాని గ్రంథాన్ని పేజీలో ఖాళీలు ఎక్కడ పడ్డాయో చూసి పోల్చినట్టు. మొరటు పద్ధతే, ఒకసారి వచ్చిన గీత ఇంకోసారి రాకపోవచ్చు కూడా. అందుకే ఆర్ఎఫ్ఎల్‌పీ అనే పాత, నమ్మకమైన పద్ధతిని పక్కన పెట్టుకుని సరిచూశారు. 1997 నుంచి వరసగా వచ్చిన వాళ్ళ పరిశోధన పత్రాల్లో మడ చెట్ల జాతుల మధ్య, ఒకే జాతిలో ఒక తీరానికీ మరో తీరానికీ మధ్య తేడాలు మొదటిసారి లెక్కకి వచ్చాయి. పిచ్చావరం అడవిలోని ఒక ఉప్పుపొన్న ఏ రెండు జాతుల సంకరమో అలాగే తేల్చారు. 2000 నాటికి ఆస్ట్రేలియాలో మాగ్వైర్ బృందం తెల్లమడకే మైక్రోశాటిలైట్ మార్కర్లు చేసి, ఆ చెట్టు పెరిగే దేశాల్లో పద్నాలుగు చోట్ల పోల్చింది. చెట్టు వ్యాప్తి అంచుల్లో ఉన్న మందల్లో వైవిధ్యం తక్కువని తేలింది.

ఇది తెలిస్తే ఏం లాభం? ఇదే సంస్థ అటవీశాఖతో కలిసి కృష్ణా డెల్టాలో చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వించి, పోటు నీళ్ళు లోపలికి పారేలా చేసి, పాడైన మడ అడవిని మళ్ళీ లేపింది. మొక్కలు నాటేటప్పుడు ఒక్క చెట్టు కింద ఏరిన విత్తనాలతోనే మైళ్ళ కొద్దీ నింపేస్తే పైకి పచ్చగానే ఉంటుంది. జన్యువుల్లో మాత్రం అది ఒకే పుస్తకానికి వెయ్యి జిరాక్సులు. ఒక తెగులు వస్తే అన్నీ ఒకేసారి పోతాయి. ఉపగ్రహం నుంచి చూస్తే ఈ తేడా తెలియదు, మార్కర్ చెబుతుంది. 1977 నవంబరు ఉప్పెన చూసిన తీరానికి ఇది పుస్తకాల్లో విషయం కాదు.

సాయంత్రానికి ఊరు చేరాను. తాతయ్య కాలవ గట్టుకి తీసుకెళ్ళాడు. కొత్తగా సిమెంటు వేసిన మేర ఏమీ లేదు. సిమెంటు ఆగిన చోట, తూటాకు పక్కన, గుప్పెడు దుబ్బులు. సన్నటి కంకులు, ఒక్కో గింజకి వేలు పొడుగున గరుకైన మీసం. అవతల మా బీపీటీ చేను తల వంచుకుని ఉంది.

నా ప్రశ్నకి జవాబు ఈలోగా చదివేశాను. 2012లో చైనా శాస్త్రవేత్తలు 446 అడవి వరి మొక్కల్ని, 1,083 సాగు రకాల్ని అక్షరం అక్షరం పోల్చారు. పొట్టి గింజ జపానికా వరి చైనాలో మచ్చికైందని, అది పడమటికి ప్రయాణిస్తూ దక్షిణాసియా అడవి వరులతో కలిసి మన ఇండికా పుట్టిందని వాళ్ళ వాదన. దాన్ని ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. 2017లో వచ్చిన మరో అధ్యయనం నన్ను ఎక్కువ కదిలించింది. ఆసియాలో ఇవాళ అడవి వరి అంటున్న దాంట్లో చాలా భాగం సాగు వరితో బాగా కలిసిపోయిందని అది తేల్చింది. చేలోంచి పుప్పొడి గట్టు మీదికి వస్తుంది, అడవి మొక్క దాన్ని పట్టుకుంటుంది. చేలోంచి పారిపోయి అడవిలో కలిసిన మొక్కలూ ఉన్నాయి. ఎన్నో వేల ఏళ్ళుగా ఎదురెదురుగా బతికిన రెండు కుటుంబాలు, రాకపోకలు ఉండవా?

అంటే తాతయ్య చెప్పిందీ నిజం కావచ్చు, పూజారిగారు చెప్పిందీ నిజం కావచ్చు, ఒకే దుబ్బులో. మా గట్టు మీదిది ఎంతవరకు ముని, ఎంతవరకు బీపీటీ అన్నది దాని ఆకు తెంపి చూస్తేగానీ తెలియదు. జన్యు బ్యాంకులో దాచిన గింజ దాచిన రోజు దగ్గరే ఆగిపోతుంది. గట్టు మీదిది ఇప్పటికీ నకలవుతూనే ఉంది, ఈ ఏడాది తెగుల్ని ఈ ఏడాదే ఎదుర్కొంటోంది. రెండూ కావాలి. మా బాపట్ల బియ్యాన్ని తెగులు పట్టినప్పుడు మందు మాలి బురదలో దొరికింది. రేపు ఉప్పు నీళ్ళు ఇంకాస్త లోపలికి వస్తే కావాల్సింది ఏ గట్టు మీద ఉందో ఎవరు చూశారు?

ఇదంతా తాతయ్యకి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. విని, వంగి, ఒక్కో దుబ్బే పీకడం మొదలుపెట్టాడు.

"తాతయ్యా, ఇప్పటిదాకా చెప్పింది..."

"విన్నానురా. గింజ రాల్తే పక్క చేలో పడద్ది. ఎర్ర గింజ కలిసిందని మిల్లోడు బస్తాకి ఎంత కోస్తాడో నీకు తెల్దు. ఆ కోత నువ్వు కడతావా, మీ సైంటిస్టులు కడతారా?"

నా దగ్గర జవాబు లేదు. అడవి మొక్క విలువ ప్రపంచానిది, దాని ఖర్చు మాత్రం గట్టు పక్కనున్న ఒక రైతుది. మాలిలోనూ లెక్క ఇలాగే ఉంది. తాతయ్య అన్నీ పీకి, సిమెంటు అంచున ఒక్క దుబ్బు వదిలి నడుం పట్టుకుని లేచాడు. నా కోసం వదిలాడో, వంగలేక వదిలాడో అడగలేదు.

పీకినవాటిలోంచి ఒక కంకి కవరులో పెట్టుకున్నాను. రైలు తెనాలి చేరేసరికి గింజలన్నీ రాలి కవరు అడుగున ఉన్నాయి. గుడికి వెళ్ళి ఒక గింజని పూజారిగారి అరచేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు పైకెత్తి, దీపం దగ్గరికి చెయ్యి జరిపి, ఆ మీసాన్ని చాలాసేపు చూశారు.

"ఇంత సన్నగా ఉంటుందా!" అన్నారు.